పులుపు లేని చింతపండు

మా ఆయన నాలిక మీద మండీ నడిచేదంటే మీరు నమ్మరు. పుంగనూరులో మాది చింతపండు మండీ. శివరాత్రి ముందర నించి ఉగాది దాటేదాకా పెద్దపంజాణి పక్కనించి, గుడుపల్లె పక్కనించి ఆటోల్లో, ట్రాక్టర్లలో మూటలు దిగతానే ఉంటాయి. రైతు మూట విప్పుతాడు. మా ఆయన ఒక తునక తీసి వేళ్ల మధ్యలో నలిపి, నాలిక మీద పెట్టుకొని, కండ్లు మూసుకుంటాడు. ఆయన కండ్లు తెరిచేదాకా రైతు ఊపిరి బిగబట్టుకొని నిలబడి ఉంటాడు. "పోయినేటి సరుకు కొత్తదాంట్లో కలిపినావు గదప్పా," అంటాడు మా ఆయన. లేదంటే, "ఇది గట్టు మీద చెట్టుది. ఈ ఏడు దానికి నీళ్లు సాల్లేదు," అంటాడు. ఒక దినం ఒక ముసలాయన చేతులెత్తి దండం పెట్టి, "ఆ చెట్టు మా తాత పెట్టిందిలేప్పా, దాని జాతకం కూడా చెప్తావా ఏంది?" అన్నాడు. నాకు లోపల గర్వమే. పైకి మాత్రం, "పులుపు తిని తిని నీ మొగం కూడా పులిసిపోయింది," అనేదాన్ని.

అట్లాంటి మనిషికి దవడలో పుండు లేసింది. వక్కాకు చేసిన పని. నేను పెండ్లయినప్పటి నించి మొత్తుకుంటానే ఉండాను, ఇన్నాడా మహానుభావుడు? బెంగళూరులో ఆపరేషన్ చేసి, ఆమీట దినాము కరెంటు పెట్టినారు, రేడియేషన్ అంటారే, అది. ప్రాణం దక్కింది. రుచి పోయింది. నోట్లో ఎంగిలి ఊరదు, ఏం పెట్టినా కాగితం నమిలినట్ల ఉండాది అంటాడు. ఇడ్లీ పాలల్లో పిసికి పెడితే రొంత మింగుతాడు, లేకపోతే రాగి జావ. పులుపు సంగతి ఇంకా ఘోరం. దాని రుచి తెలీదు గానీ మంట మాత్రం తెలుస్తాది. చార్లో ఇంత చింతపండు పిండినా నోరంతా నిప్పులు పోసినట్ల అల్లాడిపోయేవాడు. చింతపండు వ్యాపారికి చింతపండు పడదు! దేవుడు ఉండాడో లేడో నాకు తెలీదు, ఉంటే మాత్రం ఆయనకు ఎగతాళి ఎక్కువ.

డాక్టరు ఒకటే మాట చెప్పినాడు. "రుచి మళ్లా రావచ్చమ్మా. వస్తే ఏడాది లోపల వస్తాది. ఏడాది దాటితే ఆశ పెట్టుకోవద్దండి." ఆ పొద్దు నించి మా ఇంట్లో క్యాలెండరు సూడని దినం లేదు.

ఇంక మా అత్త గురించి చెప్పల్ల. ఆమెది ఒక కట్టుబాటు. ఇంట్లో ఒకరు పథ్యం ఉంటే వాళ్ల ముందర రుచి మాట ఎత్తకూడదు. నా కాన్పులప్పుడు నేను ఆ పథ్యం కూడు మింగుతా ఉంటే, ఇంట్లో ఏ ఒక్కరూ "పులుసు బాగుండాది" అని నోరు తెరిచింది లేదు. ఇప్పుడు కొడుకు కోసం ఆ కట్టుబాటు ఇంకా బిగించింది. ఆయన మండీకి పోయినాకనే పొయ్యి మీద తిరగమాత. ఆయన ఇంట్లో ఉంటే వంటింటి తలుపు దగ్గరికి ఏసుకొని, మేము దొంగలు తిన్నట్ల తినేది. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా సైగలే. ఎనిమిది నెలలు మా ఇంట్లో "బాగుండాది" అనే మాట ఇనపడలేదు. అది ప్రేమే, కాదని అనను. మా అత్త కొడుకు తినలేనిది తానూ తినకూడదని మామిడికాయ ఊరగాయ జాడీ కూడా పక్కింటికి ఇచ్చేసింది.

మా ఆయనకు థాయిలాండు పోవల్లనే ఆశ ఈ జబ్బు రాకముందరిది. ఆ దేశంలో ఫెచ్చబూన్ అని ఒక ఊరు ఉండాదంట, ఆడ చింతకాయకు పులుపే ఉండదంట, ఖర్జూరం తిన్నట్ల తింటారంట అని మా ఆయన ఫోన్లో యాడనో సూసినాడు. అప్పటి నించి ఒకటే పాట. కుప్పం, మదనపల్లె వ్యాపారస్తులు కొందరు కలిసి ఆ తోటలు సూడను పోదామని అనుకుంటే, మొట్టమొదట పేరు ఇచ్చింది ఈయనే. ఆయన పేరూ, నా పేరూ. పాస్‌పోర్టులు కూడా తీయించినాడు. నా ఫోటో సూసి, "దొంగను పట్టుకున్నట్ల ఉండావు," అని వారం దినాలు నవ్వినాడు. అంతలోకే పుండు.

ప్రయాణం దగ్గరికి వస్తానే నేను పోనని చెప్పేసినాను.

"నువ్వు పో," అన్నాడు.

"నువ్వు ఈడ జావ తాగతా ఉంటే నేను దేశాలు తిరగల్లనా? లోకం ఏమంటాది?"

"లోకమొచ్చి నాకు జావ కాస్తాదా? మీ తమ్ముడు ఆ వ్యాపారస్తులతో ఎట్లాగూ పోతాండాడు, వాడితో పో. ఆడ దొరికేదంతా తిను. తిని నాకు చెప్పు." వంటింటి పక్క సూసి, గొంతు తగ్గించినాడు. "ఆ చింతపండు తెచ్చిపెట్టు. పులుపు లేదంటే మంట ఉండదు గదా. ఒక్కసారి, ఒక్క కాయ, ఇది చింతపండు అని నోట్లో పెట్టుకోవల్ల నేను. రుచి తెలిసిందా, సంతోషం. తెలీలేదా, ఇంక ఎవుర్నీ ఏమీ అడగను. అమ్మకు చెప్పొద్దు, ఏడుస్తాది."

అమ్మకు చెప్పొద్దు అన్నాడు, నేను చెప్పలే. రుచి మాటే ఎత్తకూడని ఇంట్లో ఆ కోరిక ఆమెకు ఎవురు చెప్తారు? ఈ మాట గుర్తు పెట్టుకోండి.

బయల్దేరే పొద్దు మా అత్త వాకిట్లో నన్ను పక్కకు పిలిచింది. "ఏమ్మా, ఆడ ఏం తిన్నా వాడికాడ గొప్పలు చెప్పొద్దు. వినేవాడికి కడుపు కాలుతాది," అనింది. సరే అత్తా అన్నాను.

కుప్పంలో మా తమ్ముడితో, మిగతా వ్యాపారస్తులతో కలిసి రైలెక్కి బెంగళూరు, ఆడ్నించి విమానంలో బ్యాంకాక్, ఆడ్నించి బస్సులో అర దినం ఉత్తరంగా. ఫెచ్చబూన్ సూసి నాకు మొదట నవ్వొచ్చింది. దీనికోసమా ఇంత దూరం? మదనపల్లె కాడ అగపడినట్ల సుట్టూ కొండలు, నడిమధ్యలో ఒక ఊరు. సూడొచ్చే తెల్లోళ్లు లేరు, హంగులు లేవు. ఎవురి పని వాళ్లది. అయితే రోడ్డు పక్కన బండ్ల మీద చింతకాయలు కుప్పలు పోసి ఉండాయి, పెంకుతోనే. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నిలబడి శెనక్కాయలు వొలుచుకున్నట్ల వొలుచుకొని తింటాండారు. మా ఊర్లో చింతకాయ అట్ల నిలబడి తినేది నీళ్లోసుకున్న ఆడోళ్లు మాత్రమే. మా తమ్ముడు, "అక్కా, ఈ ఊర్లో మొగోళ్లకు కూడా వేవిళ్లేనా ఏంది?" అన్నాడు. ఇంటి నించి బయల్దేరినాక నేను నవ్వింది అప్పుడే.

ఆ పొద్దు శనివారం. మేము శనివారం నీసు ముట్టం. మాకు ఊరు సూపించే పాప ఉండాది, ఇరవై ఐదేండ్లు ఉంటాయి, రొంత ఇంగ్లీషు వచ్చు. ఆ పిల్లకు శనివారం సంగతి ఎట్ల చెప్పేది? మా తమ్ముడు చేతులు జోడించి ఆకాశం పక్క సూపించి, నుదుటి మీద నామం గీసి, కోడి మాదిరి రెక్కలు కొట్టి వద్దు వద్దు అన్నాడు. అంగడంతా మావైపే సూసింది. ఆ పాపకు ఏం అర్థమయిందో, లోపలికి పోయి వంటామెతో మాట్లాడి, వాళ్లు అన్నిట్లో ఉప్పుకు బదులు పోసే చేపల నీళ్లు తగలకుండా నాకు పెట్టించింది.

పెట్టింది శావిగలు. మన ఒత్తు శావిగలే అనుకోండి, చెయ్యంత చుట్టలు చుట్టి బుట్టలో వరసగా పేర్చి ఉండాయి. తెల్లవి కొన్ని, ఏదో ఆకు పసరుతో పచ్చవి కొన్ని, శంఖుపూల రసం పిండి కలిపినవి నీలంగా కొన్ని. వాటిమీద టెంకాయ పాల పులుసు పోసుకొని, పక్కన పెట్టిన పచ్చి ఆకులు, మొలకలు, పులిసిన ఆవాకు తుంచి కలుపుకోవల్ల. నేను అనుమానంగానే ఒక చుట్ట తీసుకున్నాను. అబ్బ! టెంకాయ పాల కమ్మదనం ముందర, దాని ఎనక మిరపకాయ ఘాటు, ఆ ఘాటు తగ్గే లోపల ఆవాకు పులుపు. ఎనిమిది నెలలుగా చప్పిడి కూడు దొంగగా తింటాండే నోరు నాది. ఆ నోరు ఒక్కసారి లేసి కూసున్నట్లయింది. నాలుగు చుట్టలు తిన్నాను. ఐదోదానికి చెయ్యి పోతా ఉంటే సిగ్గయింది.

అప్పుడే మా తమ్ముడు ఫోన్ కలిపి నా చేతికిచ్చినాడు. తెరనిండా మా ఆయన ముక్కు, సగం చెవి. ఫోన్ ఎంత దూరం పెట్టుకోవల్లనో ఇప్పటికీ తెలీదు ఆ మనిషికి.

"ఏం తిన్నావు?"

"ఏవో శావిగలు."

"ఎట్లుండాయి?"

ఆయన ఎనక మంచం మీద మా అత్త కూసోని ఉండాది. పక్కన రాగి జావ గ్లాసు. నా నోట్లో ఇంకా ఆ టెంకాయ పాలు. ఏం చెప్పేది నేను?

"చప్పగా ఉండాయి," అన్నాను. "ఉప్పూ లేదు, కారమూ లేదు."

"అట్లనా," అన్నాడు. మా అత్త ఎనకనించి నాపక్క సూసి తల ఆడించింది, బాగా చెప్పినావన్నట్ల. ఫోన్ పెట్టేసినాక మా తమ్ముడు నోరు తెరుచుకొని సూస్తాండాడు. "నాలుగు చుట్టలు లాగించినావు గదక్కా!" అన్నాడు. నోరు ముయ్యిరా అన్నాను.

మర్నాడు ఆదివారం, కోడి. నిప్పుల మీద కాల్చిన కోడి, దాంతో జిగట అన్నం. వెదురు బుట్టలో పెట్టిస్తారు, వేళ్లతో తీసి ముద్ద చేసి, చింతపండు పులుసులో ముంచుకొని తినల్ల. ముద్ద చేస్తా ఉంటే నా చెయ్యి దానంతట అదే సంగటి ముద్ద చేసినట్ల చేసేసింది. ఆ పాప సూసి, నాకు నేర్పించే పన్లేదని నవ్వింది. ఒక్కటే తేడా, మన సంగటి మింగల్ల, ఇది నమలల్ల. పక్కనే ఒకామె రోట్లో పచ్చి బొప్పాయి, మిరపకాయలు, శెనక్కాయలు దంచతా ఉండాది, మన ఊరిబిండి పచ్చడి నూరినట్లే. ఆ రోకలి చప్పుడు ఇంటే చాలు, నోరు ఊరింది. నాకు నోరు ఊరింది! ఇంట్లో ఒక మనిషి ఎంగిలి ఊరక నీళ్లసీసా చేతిలో పట్టుకొని తిరగతా ఉండాడు, నాకు ఈడ నోరు ఊరతాంది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవల్ల అనిపించింది. అయినా తిన్నాను. ఒక్క ఎముక మిగల్లే.

"కోడి ఎట్లుండాది?" అన్నాడు ఫోన్లో.

"అదీ చప్పనే. ఉడకను కూడా లేదు."

"ఉడకని కోడి తిన్నావా?" ఆయనే మళ్లా, "సరేలే. ఆ అంగడి మంచిది కాదేమో. రేపు ఇంకోటి సూడు," అన్నాడు.

సూడు అని ఊరికే ఉండలేదు. మర్నాడు తెల్లారి లేసేసరికి నా ఫోన్ నిండా ఫోటోలు. ఆయన పుంగనూరులో కూసోని, ఫెచ్చబూన్‌లో ఏ వీధిలో ఏం దొరుకుతాదో ఎతికి ఎతికి పంపించినాడు. ఇది తిను. ఇది టెంకాయ పాలది, నీకు పడతాది. ఇది అరటాకులో చుట్టింది, మన పూర్ణం మాదిరి ఉంటాదంట. ఈ అంగడి పొద్దున్నే మూసేస్తారంట, బిరీన పో. రుచి తెలీని మనిషి, నాకు రుచి ఎతికిపెడతాండాడు. మంచం మీద కూసోని ఏడ్చినాను. ఏడ్చి మొగం కడుక్కొని, ఆయన చెప్పినవన్నీ తిన్నాను. బాగలేదు అనేది ఒక్కటి కూడా లేదు. ఫోన్లో మాత్రం, "నువ్వు చెప్పినవన్నీ తిన్నానప్పా, అన్నీ అంతంత మాత్రమే," అన్నాను. ఒకసారి అబద్ధం చెప్పినాక దాన్ని మేపతానే ఉండల్ల, ఏం చేసేది.

ఆ పొద్దే సాయంత్రం తోటకు పోయినాము. తోటామె నా ఈడుదే. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఆమె చెట్టు కిందనించి ఒక కాయ తీసి, చెవికాడ పెట్టి ఆడించింది. గలగలమనింది. పెంకు చిట్లగొట్టి లోపలిది వేళ్ల మధ్యలో నలిపి, రొంత నాలిక మీద పెట్టుకొని, కండ్లు మూసుకుంది. అచ్చం మా ఆయనే! నేను చెట్టు మొదట్లో కూలబడినాను. ఆమె కంగారుపడి నీళ్లు తెచ్చిచ్చి, నా చేతిలో ఇంకో కాయ పెట్టింది.

తిన్నాను. ఏం చెప్పేది! నోట్లో పెట్టుకుంటానే నా దవడలు వాటంతట అవే బిగుసుకున్నాయి, చింతపండు అంటే పులుపే గదా అని. పులుపు రాలేదు. కొత్త బెల్లం పాకం వచ్చింది. నమిలేకొద్దీ కమ్మగా, ఎండు ఖర్జూరానికి రొంత పైనే. అంతా అయిపోయినాక, గొంతు దిగేకాడ, కడాన ఇంత పులుపు. ఉండాదా లేదా అన్నంత. అది లేకపోతే చింతపండే కాదు, అది ఉండబట్టే చింతపండు.

అప్పుడే ఫోన్ వచ్చింది. ఆయన మండీలో ఉండాడు. ఆ దినం ఫోన్ సరిగ్గా పట్టుకున్నాడు, మొగమంతా అగపడతాంది. పక్కన ఇద్దరు రైతులు తొంగి సూస్తాండారు. తువ్వాలుతో మొగం తుడుచుకొని, నిక్కి కూసోని, "దొరికిందా?" అన్నాడు. సూపించినాను. "తిన్నావా?" తిన్నాను. "చెప్పు," అని కండ్లు మూసుకున్నాడు.

ఆ కండ్లు మూసుకున్న మొగం సూస్తా నేను ఏమన్నానో వినండి.

"ఏమంత లేదప్పా. ఊరికే తీపి. చప్పగా ఉండాది."

యాల అట్లన్నానంటే, భయం. తేనె మాదిరి ఉండాదని ఇప్పుడు చెప్తే, ఇంటికొచ్చి నోట్లో పెట్టుకున్నాక కాగితం మాదిరి ఉంటే ఆ మనిషి ఏమైపోతాడు? అంత పైకెక్కించి తోసేసినట్లు గదా. మా అత్త మాట కూడా చెవిలో ఉండాది. ఆయన కండ్లు తెరిచినాడు. "ఇదీ చప్పనేనా," అన్నాడు. రైతుల పక్క సూసి నవ్వబోయి ఊరుకున్నాడు. "సరే, అంత దూరం పోతివి గదా, తీసుకురా," అని పెట్టేసినాడు. నేను రెండు డబ్బాల కాయలు తీసుకున్నాను. తోటామె పైన ఇంకో దోసెడు పోసింది.

కుప్పంలో రైలు దిగతానే మండీ గుమాస్తా ఫోన్. మా ఆయనకు జొరం, కండ్లు తిరిగి పడిపోయినాడంట, మదనపల్లె ఆసుపత్రిలో తానే చేర్పించినాడంట. నేను పుంగనూరులో బస్సు దిగి ఇంటికి పరిగెత్తినాను. మా అత్త వాకిట్లో కూసోని ఉండాది, సుట్టూ చింతకాయలు కొట్టే ఆడోళ్లు. "రొండు దినాలుగా జావ ముట్టలేదమ్మా," అనింది. "'యాడ తిన్నా అంతా చప్పనేలేమ్మా, ఇంక ఏం తాగేది' అన్నాడు. బతిమాలినాను, ఇన్లేదు."

అంతా చప్పనే. ఆ మాట యాడిదో నాకు తెలుసు. ఆమెకు తెలీదు.

పెట్టె ఆ వాకిట్లోనే పడేసి, రెండు చీరలు సంచిలో కుక్కుకొని మదనపల్లె బస్సెక్కినాను. చింతకాయలు గుర్తుకొచ్చింది బస్సు కదిలినాక. ఆసుపత్రిలో మూడు దినాలు సెలైను పెట్టినారు. నోటితో కూడా తాగల్ల అని నర్సమ్మ గ్లాసు పట్టుకొస్తే మొగం తిప్పుకునేవాడు. "తాగప్పా. ఇంటికి పోతానే ఆ చింతకాయ వొలిచిస్తాను, పెట్టెలోనే ఉండాయి," అన్నాను. నాపక్క సూసినాడు. తాగినాడు. ఆ మాట మీదనే మూడు దినాలూ గుక్క గుక్క మింగించినాను.

ఇంటికొస్తిమి. వసారాలో కూసోని, నోరు పుక్కిలించి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు, మండీలో మూట విప్పేముందర వేసుకున్నట్ల. "తీసుకురా," అన్నాడు.

పెట్టె కడిగి ఎండకు బోర్లించి ఉండాది. గుడ్డలు ఉతికి మడిచి ఉండాయి.

"అత్తా, కాయలు యాడ?"

"ఆ చింతకాయలా? నువ్వు అలిసిపోయి వస్తావని నేనే కొట్టించేసినా లేమ్మా," అనింది మా అత్త, ఎంతో నిమ్మళంగా. "ఎండలు ముదరతాండాయి, ఊరికే పెడితే పురుగు పడతాది. గింజ తీయించి, ఉప్పేసి దంచి, కుండకెత్తేసినా. ఏం కాయలు తెస్తివమ్మా అంత దూరం పోయి? రొంతన్నా పులుపే లేదు! పులుసుకు దేనికీ అక్కరకు రాదని మన కరిపులిలో కలిపి దంచించినా."

కరిపులి అంటే మాకు మొదటి రకం, పులుపులో దాన్ని మించింది లేదు. ఆమె చేసింది తప్పా? యాభై ఏండ్లుగా ఆ కాలంలో ఆ ఇంటికొచ్చిన ఏ చింతపండూ ఉప్పు తగలకుండా ఉండింది లేదు. చింతపండు అంటే ఏడాది పులుసు. అది కాయకు కాయ తినేదని ఆమెకు ఎవురు చెప్పినారు? నేను చెప్పినానా? కొడుకు చెప్పినాడా? అరవల్లని నోరు తెరిచినాను. ఆమె చేతులు సూసినాను. ఉప్పుకు, చింతపండుకు వేళ్లు పగిలి ఉండాయి. కొడుకు ఆసుపత్రిలో ఉంటే కూసోలేక ఆ పని పెట్టుకుంది.

మా ఆయన అంతా ఇన్నాడు. "ఆ కుండ ఇట్ల తీసుకురా," అన్నాడు.

తెచ్చి ముందర పెట్టినాను. చెయ్యి లోపలికి పోనిచ్చి కండ్లు మూసుకున్నాడు. నాలిక పోయింది గానీ వేళ్లు పోలేదు గదా. ఆ వేళ్లు పండును తడుముతా, నలుపుతా, వదిలేస్తా పోతాండాయి. శానాసేపటికి ఒక తునక బయటకి తీసినాడు. "ఇది మనది కాదు. దీనికి మన జిగట లేదు," అన్నాడు. నిజమే, ఎర్రగా, వేరేగా ఉండాది. కానీ దానికంతా మా కరిపులి పూసుకొని, ఉప్పు రాళ్లు అంటుకొని ఉండాయి.

"వద్దప్పా," అన్నాను. నోట్లో పెట్టుకున్నాడు.

మొగం ముడుచుకుపోయింది. కండ్లల్లో నీళ్లు గిర్రున తిరిగినాయి. అయినా ఉమ్మలే. దవడ పట్టుకొని అట్లే కూసున్నాడు. మా అత్త ఏమయిందో తెలీక తన కొంగుతో కొడుకు మూతి తుడుస్తాంది. నేను నీళ్ల చెంబు పట్టుకొని నిలబడుకున్నాను, మూట విప్పిన రైతు నిలబడినట్ల. ఆకరికి ఉమ్మేసి, నీళ్లు పోసుకున్నాడు.

"తెలిసిందా?"

"మంట తెలిసింది," అన్నాడు.

మా అత్త పాలు తెస్తానని లోపలికి పోయింది. ఆయన నాపక్క తిరిగినాడు. "నువ్వు చెట్టు కింద తిన్నావు గదా. నిజం చెప్పు. చప్పగానే ఉండిందా?"

ఇంక నావల్ల కాలే. చెప్పేసినాను. దవడలు ముందరే బిగుసుకునింది, పులుపు రాకపోయింది, బెల్లం పాకం, కడాన గొంతుకాడ తగిలిన ఆ ఇంత పులుపు. నీలం శావిగలు, నాలుగు చుట్టలు తిన్నది. ఎముక మిగలకుండా నమిలిన కోడి. రోకలి చప్పుడుకే నోరు ఊరింది కూడా చెప్పినాను, దాచలే. ఆయన కండ్లు మూసుకొని ఇంటాండాడు. మధ్యలో ఒకసారి గుటక మింగినాడు. మింగను నోట్లో ఏమీ లేదు.

అంతా అయినాక కండ్లు తెరిచినాడు. కోప్పడలే. కోప్పడింటే బాగుండు.

"ఈ మాట ఆడ్నించే చెప్పింటే, ఆ నాలుగు దినాలూ నేనూ తినింటాను గదే," అన్నాడు.

ఇది జరిగి శానా నెలలయింది. డాక్టరు చెప్పిన ఏడాది పోయిన నెలతో దాటిపోయింది. క్యాలెండరు ఎవురూ సూడటంలేదు. మా ఇంట్లో తలుపు ఏసుకొని తినేది మాత్రం మానుకున్నాము. ఆయన జావ గ్లాసు పట్టుకొని నా ఎదురుగా కూసుంటాడు, నేను తింటా చెప్తాను. మా అత్తకు మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆమె కూడా, "ఉప్పు రొంత ఎక్కువుండాదిరా," అంటాది కొడుకుతో. మండీలో కూడా అంతే. ఆయన వేళ్లతో నలిపి నాకిస్తాడు, నేను నాలిక మీద పెట్టుకొని చెప్తాను.

నిన్న మధ్యాన్నం వంకాయ పులుసు. "ఎట్లుండాది?" అన్నాడు.

"పులుపు బాగా పట్టింది. కారం సరిపోయింది. కడాన యాడో రొంత తీపి తగుల్తాంది."

"అది ఫెచ్చబూన్‌ది," అని కండ్లు మూసుకున్నాడు. వారానికి ఒకసారన్నా ఆ మాట వస్తాది. అది వచ్చిన దినం జావ ఇంకో గ్లాసు తాగతాడు.

పొద్దున ఆ కలిపి దంచిన చింతపండు కుండలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. ఇంకో పది దినాలకు వస్తాదేమో. ఆమీట ఒక దినం ఇట్లనే ఎదురుగా కూసోని ఎట్లుండాది అంటాడు. తీపి లేదని చెప్పల్లనో, ఉండాదని చెప్పల్లనో, నాకు తెలీదు.